గ్రహణము విడిచిన ముఖములు

పుట్టుకతోనే పెదవి చీలియున్న శిశువును తెలుగుదేశమున గ్రహణమొర్రి బిడ్డ యందురు. గర్భవతి గ్రహణసమయమున బయటికి వచ్చినను, కత్తిపీట ముందు కూర్చుండి కూర తరిగినను, ఆ దోషము కడుపులోని బిడ్డకు సోకునని పూర్వులు నమ్మిరి. ఆ పేరులో ఒక నమ్మకము మాత్రమే కాదు, ఒక తీర్పు కూడ ఇమిడియున్నది. బిడ్డ పెదవి చీలుటకు తల్లి అజాగ్రత్తయే కారణమని ఆ తీర్పు. సూర్యచంద్రులకు పట్టిన గ్రహణము గడియలలో విడిచిపోవును. ఆ తల్లికి పట్టిన నింద మాత్రము ఏండ్ల తరబడి విడువదు.

వైద్యశాస్త్రము చెప్పునది వేరు. గర్భస్థశిశువు ముఖము మొదటి మూడు మాసములలోనే రూపు దిద్దుకొనును. ఇరుప్రక్కలనుండి పెరిగివచ్చు భాగములు నడుమ కలిసికొని పెదవిగను, అంగిలిగను ఏర్పడును. ఏ కారణముచేతనైనను అవి కలియకపోయినచో అచ్చట చీలిక నిలిచిపోవును. వంశానుగతమైన లక్షణములు, తల్లి పోషకాహార లోపము, పొగత్రాగుట, కొన్ని ఔషధములు ఇందుకు దోహదము చేయునని పరిశోధకులు తేల్చిరి. చంద్రుని నీడకు దీనితో ఏ సంబంధమును లేదు. లోకమున సుమారు 700 జననములకు ఒకటి చొప్పున ఈ లోపము కనబడుచున్నది. ధనిక దేశములలోను, పేద దేశములలోను ఇది కలదు. భేదమెల్ల పుట్టిన తరువాతనే.

పెదవి చీలిక చూచువారికి కనబడును. అంగిలి చీలిక కనబడదు గాని దాని బాధ అధికము. బిడ్డ పాలు కుడువలేడు. కుడిచిన పాలు ముక్కులోనుండి వెలికివచ్చును. చెవులు తరచు చీము పట్టును. మాట వచ్చు వయస్సున మాట ముక్కులోనికి పోయి, తల్లికి తప్ప ఇతరులకు అర్థము కాదు. బడిలో తోటిపిల్లలు వెక్కిరింతురు. కొంతకాలమునకు బడియే మానిపోవును. ఆడపిల్లయైనచో పెండ్లి మాట తలపెట్టువారుండరు. కావున దీనిని దిద్దు శస్త్రచికిత్సను అందమునకై చేయు అలంకారముగా ఎంచుట తగదు. అది ఆహారమునకు, మాటకు, చదువునకు, బ్రదుకుతెరువునకు సంబంధించినది.

ముఖమును దిద్దు విద్య నిన్న మొన్న పుట్టినది కాదు. దాని చరిత్రను పరిశీలించినచో ఒక సంగతి స్పష్టమగును. ముఖమును దిద్దగల చేయి ఏదో యొకచోట బహుకాలముగా ఉన్నది. ఆ చేతివద్దకు బీదవానిని చేర్చు రెండవ చేయి మాత్రము అరుదుగా కనబడినది. ఈ రెండవదానిని తెలుగువారు ధర్మమనిరి. ఉచితముగా వైద్యము చేయు ప్రభుత్వ వైద్యశాలకు ధర్మాసుపత్రి యని పేరు పెట్టుకొన్నవారు వారే. బిచ్చగాడు వాకిట నిలిచి యడుగునదియు ధర్మమే, రాజు తప్పక చేయవలసినదియు ధర్మమే. ముఖశస్త్రచికిత్స కోరువారికి లభించిన సహాయముయొక్క చరిత్రయంతయు ఆ మాటకు గల మొదటి అర్థమునుండి రెండవ అర్థమునకు సాగిన ప్రయాణమే.

ప్రాచీనుల విద్య

ప్రాచీన భారతమున ముక్కు పరువునకు గుర్తు. ముక్కు కోయుట శిక్షలలోకెల్ల అవమానకరమైనది. రామాయణములోని శూర్పణఖ కథ అందరెరిగినదే. ముక్కు చెవులు కోయుదునని బెదరించుట నేటికిని తెలుగు పల్లెలలో వినబడు మాటయే. శత్రుసైనికుల ముక్కులు కోయించిన ప్రభువులును, అనుమానముతో భార్యల ముక్కులు కోసిన భర్తలును మన చరిత్రలో కలరు. ఏ నేల ఇట్టి గాయములను ఎక్కువగా చూచెనో, ఆ నేలయందే వానికి చికిత్సయు పుట్టుట ఆశ్చర్యము కాదు.

సుశ్రుతసంహితలోని సూత్రస్థానమున 16వ అధ్యాయము ఈ చికిత్సను వివరించుచున్నది. తెగిన చెవితమ్మెలను అతుకుటకు అందు 15 విధములు చెప్పబడినవి. ముక్కు తెగినవానికి మొదట ఆ కొలతకు సరిపడు ఆకును తెచ్చి, దాని పరిమాణమున చెక్కిలినుండి చర్మమును మొదలు తెగకుండ లేపి, గీచి పచ్చిచేసిన ముక్కుమోడునకు అతుకవలెను. ఊపిరి ఆడుటకై రెండు గొట్టములు అమర్చవలెను. అతిమధురము మొదలగువాని చూర్ణము చల్లి, తెల్లని ప్రత్తి కప్పి, నువ్వులనూనెతో తడుపుచుండవలెను. తెగిన పెదవిని కూడ ఇదే రీతిని, గొట్టములు మాత్రము లేకుండ, సంధింపవచ్చునని ఆ గ్రంథము చెప్పుచున్నది. చర్మమును మొదలంట కోయక, రక్తప్రసారము నిలుచునట్లు ఒకవైపు అంటియుండనిచ్చు ఈ సూక్ష్మమే నేటి ముఖశస్త్రచికిత్సకును ఆధారము.

చీలి పుట్టిన పెదవిని కుట్టిన తొలి వృత్తాంతములలో ఒకటి చీనా దేశపు చరిత్రగ్రంథమున కలదు. క్రీస్తుశకము నాలుగవ శతాబ్దాంతమున వెయ్ యోంగ్‌జీ అను బీద యువకుడు చీలిన పెదవితో పుట్టి, 18 ఏండ్ల వయస్సున యిన్ జోంగ్‌కాన్ అను రాష్ట్రాధిపతి కొలువులో ఇట్టి చికిత్స తెలిసిన వైద్యుడు కలడని విని, అచ్చటికి ప్రయాణమై పోయెను. రాష్ట్రాధిపతి అతనిని ఆదరించి వైద్యునికి అప్పగించెను. కుట్టు మానువరకు 100 దినములు పలుచని గంజి మాత్రమే త్రాగవలెననియు, నవ్వరాదనియు, మాటాడరాదనియు వైద్యుడు నియమము విధించెను. జన్మమున సగము మూగవాడనై యుండవలసినను వెనుదీయనని ఆ యువకుడు అంగీకరించెను. చికిత్స ఫలించినది. తరువాత అతడును రాష్ట్రాధిపతి పదవికి ఎదిగెను. ఈ కథలో గమనింపవలసినవారు ముగ్గురు. విద్య తెలిసినవాడొకడు, ఓర్చుకొన్నవాడొకడు, ఆ యిద్దరిని కలిపినవాడు మరియొకడు. ఈ మూడవవాడు లేనిచో మొదటి యిద్దరును ఒకరినొకరు ఎరుగకయే గతించియుందురు.

పూనాలో ఒక ముక్కు

1790 మొదలు 1792 వరకు జరిగిన మూడవ మైసూరు యుద్ధమున కవాస్జీ అను మహారాష్ట్రుడు ఆంగ్లసైన్యమునకు ఎడ్లబండ్లు తోలుచుండెను. టిప్పుసుల్తాను సైనికులకు చిక్కగా అతని ముక్కును, ఒక చేతిని కోసివేసిరి. పండ్రెండు మాసములకు పైగా అతడట్లే యుండెను. పిదప పూనా సమీపమున ఇటుకలు చేయు కులమునకు చెందిన యొకడు అతనికి క్రొత్త ముక్కు అతికెను. మైనముతో ముక్కు ఆకారమును చేసి, దానిని పరచి నొసటిపై కొలిచి, అంతమేర చర్మమును లేపి, కనుబొమల నడుమ మొదలును తెగనీయక క్రిందికి త్రిప్పి అతికినాడు. బొంబాయి రాజధానికి చెందిన ఇద్దరు ఆంగ్లవైద్యులు ఈ చికిత్సను కన్నులార చూచిరి. ఈ వృత్తాంతము 1794 అక్టోబరున లండనులోని జెంటిల్మన్స్ మేగజీనులో లేఖగా ప్రకటింపబడెను.

సుశ్రుతుడు చెక్కిలినుండి తీసిన చర్మమును ఈ చేతిపనివాడు నొసటినుండి తీసినాడు. విద్య గ్రంథములలో నిద్రించుచున్న కాలమున చేతులలో మేలుకొనియున్నదని దీనివలన తెలియుచున్నది. కాంగ్రా లోయలో కూడ కొన్ని వైద్యకుటుంబములు తరతరములుగా ఈ పని చేయుచుండిరి. చెవిని గఢించు ఊరు కావుననే దానికి ఆ పేరు వచ్చెనని అచ్చటి జనులు చెప్పుకొందురు. కాని పూనాలో పని చేసిన మనిషి పేరును ఆ లేఖ చెప్పలేదు. అతని కులము మాత్రమే చెప్పినది.

ఆ లేఖలో పలువురు దృష్టి నిలుపని వాక్యమొకటి కలదు. కవాస్జీ అప్పటికి ఈస్టిండియా కంపెనీవారి పింఛనుదారుడట! కంపెనీ కొలువున గాయపడినవానికి కంపెనీ భృతి నిచ్చినది. అది జాలితో ఇచ్చినదైనను, ఋణము తీర్చుకొనుటకై ఇచ్చినదైనను, ముఖము పోయినవానిని పాలకులు పోషించిన దృష్టాంతముగా అది నిలిచియున్నది. ముక్కు తెచ్చిపెట్టినది ఒక అనామకుని విద్య. బ్రదుకు నిలిపినది పింఛను. ఈ రెంటిలో ఏ యొక్కటి లేకున్నను ఆ బండివాని కథ సగమే.

లండనులో జోసెఫ్ కార్ప్యూ అను శస్త్రవైద్యుడు ఈ భారతీయ పద్ధతిని శవములపై అభ్యసించి, 1814 అక్టోబరు 23న ముక్కు పోయిన యొక సైనికాధికారికి నొసటి చర్మముతో ముక్కు కట్టెను. 1816లో తన అనుభవమును గ్రంథముగా ప్రకటించెను. అచ్చటినుండి ఆ విద్య యూరపుఖండమంతట వ్యాపించినది. 1819లో పారిస్ నగరమున రూ అను శస్త్రవైద్యుడు స్టీఫెన్సన్ అను కెనడా వైద్యవిద్యార్థి అంగిలి చీలికను కుట్టగా, అంతవరకు ఇతరులకు తెలియని అతని మాట తెలియవచ్చినది. ఆ విద్యార్థి మరునాటి సంవత్సరము తన కథనే తన పట్టపు వ్యాసమునకు విషయముగా గైకొనెను. తరువాత మాంట్రియల్ వైద్యకళాశాలను స్థాపించినవారిలో అతడొకడయ్యెను. 1846లో ఈథరు మత్తు వాడుకలోనికి వచ్చిన పిదప ఇట్టి చికిత్సలు పసిబిడ్డలకును క్రమముగా సాధ్యమైనవి.

భారతదేశమున సంస్థానాధీశుల వైద్యశాలలు కూడ ఈ పనికి ఆశ్రయమైనవి. పందొమ్మిదవ శతాబ్దమున జునాగఢ్ సంస్థానమున బందిపోట్లు గ్రామస్థుల ముక్కులు కోయుచుండగా, అచ్చటి ప్రధాన వైద్యాధికారి త్రిభువన్‌దాస్ షా వారికి ముక్కులు కట్టుచుండెను. 1889లో ఆయన ఆ యనుభవమును గ్రంథముగా వెలువరించెను.

యుద్ధములు నేర్పిన పాఠము

మొదటి ప్రపంచయుద్ధమున కందకములలో తల యెత్తిన సైనికుని ముఖమే గుండ్లకు గురియైనది. న్యూజీలాండులో జన్మించిన హెరాల్డ్ గిల్లీస్ 1916లో ఇంగ్లండునందలి ఆల్డర్షాటులో ముఖగాయముల విభాగమును నెలకొల్పెను. ఆ సంవత్సరము జూలైలో సోమ్ యుద్ధము ప్రారంభమైనప్పుడు 200 మందికి సిద్ధపడియుండగా సుమారు 2,000 మంది వచ్చిరి. 1917లో సిడ్‌కప్ గ్రామమున ఇందులకై ప్రత్యేక వైద్యశాల వెలసినది. అచ్చట 5,000 మందికి పైగా సైనికులకు చికిత్స జరిగినది. ఒక్కొక్కని ముఖమును పలుమార్లు దిద్దవలసి వచ్చినందున శస్త్రచికిత్సల సంఖ్య 11,000 దాటినది.

ఆ వైద్యశాలలో రోగుల గదులయందు అద్దములు ఉంచలేదు. గ్రామమునకు పోవు బాటలో కొన్ని బల్లలకు నీలిరంగు పూసిరి. వానిపై కూర్చుండువారి ముఖములు చూచి ఉలికిపడవద్దని గ్రామస్థులకు అది హెచ్చరిక. సదుద్దేశముతో చేసిన యేర్పాటే యైనను, దాని లోపలి విషాదమును ఊహింపవచ్చును. దేశముకొరకు ముఖము నిచ్చినవానికి దేశము చూపిన చోటు ఒక నీలి బల్ల!

ఆ లోపమును రెండవ ప్రపంచయుద్ధకాలమున ఆర్చిబాల్డ్ మెకిండో సరిదిద్దెను. ఈస్ట్ గ్రిన్‌స్టెడ్ పట్టణమున కాలిన ముఖములు గల వైమానికులకు ఆయన చికిత్స చేయుచు, ఆ పట్టణవాసులతో మాటాడి, వారిని తమ యిండ్లకు భోజనమునకు పిలువుడని కోరెను. రేయక చూచువారు లేని ఊరని ఆ పట్టణమునకు పేరు వచ్చినది. 1941లో ఆ రోగులు తమలో తామొక సంఘమును స్థాపించుకొనిరి. తమపై క్రొత్త ప్రయోగములు జరుగుచున్నవి గనుక దానికి గినీపంది సంఘమని హాస్యముగా పేరు పెట్టుకొనిరి. చేతివ్రేళ్లు కాలి ఎక్కువ వ్రాయలేనివానిని కార్యదర్శిగను, కాళ్లు కాలి డబ్బుతో పారిపోలేనివానిని కోశాధికారిగను ఎన్నుకొనిరట! యుద్ధాంతమునకు సభ్యుల సంఖ్య 649. ముఖము దిద్దుట శస్త్రవైద్యుని పని యైనచో, ఆ ముఖమును చూచుట నేర్చుకొనుట సమాజము పని యని ఆ పట్టణము లోకమునకు నేర్పినది.

గిల్లీస్ శిష్యుడైన అమెరికా వైద్యుడు రాల్ఫ్ మిల్లార్డ్ 1950 దశకమున సైనిక వైద్యునిగా కొరియాకు పోయి, అచ్చట పెదవి చీలిన బిడ్డలకు చికిత్స చేయుచు క్రొత్త పద్ధతి యొకటి కనుగొనెను. చీలిక కొరతను కుట్టుతో బిగింపక, చర్మమును త్రిప్పి ముందునకు జరిపి, పెదవికి సహజమైన వంపు నిలుచునట్లు అమర్చుట అందలి విశేషము. 1955లో స్టాక్‌హోమ్ సభలో ఆయన దానిని వివరించెను. నేడు లోకమున విరివిగా జరుగు పెదవి చికిత్సలకు మూలము అదియే. యుద్ధమునకై వృద్ధిపొందిన విద్య పసిబిడ్డల పాలిటికి వరమైనది.

స్వతంత్ర భారతమున

భారతదేశమున స్వాతంత్ర్యానంతరము ఈ విద్యకు తొలి పరీక్ష పెట్టినది కుష్ఠువ్యాధి. క్రొత్త ఔషధములచేత వ్యాధి నయమైనను, ముక్కుదూలము కూలి, కనుబొమలు రాలిపోయిన ముఖము అట్లే యుండెను. వ్యాధి లేదని వైద్యుడు వ్రాసియిచ్చిన కాగితమును ఊరివారు నమ్మరు. ముఖమునే నమ్ముదురు. వేలూరు క్రైస్తవ వైద్యకళాశాలకు 1946లో వచ్చిన పాల్ బ్రాండ్ వంకరపోయిన చేతులను, పిదప ముక్కులను, కనుబొమలను దిద్దెను. అయినను చక్కబడిన చేతులకు భిక్ష తగ్గినదని కొందరు రోగులు వాపోయిరి. అంతట ఆయన 1951లో వారికి చేతిపనులు నేర్పు కేంద్రమును స్థాపించెను. చికిత్స ఒక్కటియే చాలదు, చికిత్స తరువాతి జీవనోపాధి కూడ ధర్మములో భాగమే యని ఆ యనుభవము తెలిపినది.

ఇంగ్లండులో శిక్షణ పొందివచ్చిన నోషిర్ ఆంటియా పూనా సమీపమునందలి కోంఢ్వా కుష్ఠువైద్యశాలలో రోగుల ముఖములు దిద్దెను. తరువాత బొంబాయి జె.జె. వైద్యశాలలో టాటావారి పేరిట ప్లాస్టిక్ సర్జరీ విభాగమును తీర్చిదిద్దెను. ఒకనాడు ఇటుకలు చేయువాడు కవాస్జీకి ముక్కు కట్టిన ఆ పూనా పరిసరములలోనే ఆ విద్య మరల బీదవారి పాలిటికి వచ్చుట చరిత్రలో ఒక విశేషము.

బొంబాయి పార్సీ కుటుంబమునకు చెందిన అదేన్‌వాలా 1959లో కేరళమునందలి తృశ్శూరు జూబిలీ మిషన్ వైద్యశాలకు పోయి, తన గురువైన చార్లెస్ పింటో పేర చీలిక చికిత్సకేంద్రమును నిర్మించి, 2020లో మరణించువరకు ఆ ఊరినే అంటిపెట్టుకొని యుండెను. పెద్ద నగరములలో ధనార్జనకు అవకాశములుండగా చిన్న పట్టణమున బీదబిడ్డల పెదవులు కుట్టుచు ఆరు దశాబ్దములు గడిపిన ఇట్టి జీవితము ఏ విరాళముకంటెను పెద్దది.

విదేశ దాతలు, స్వదేశ వైద్యులు

విదేశములనుండి వైద్యబృందములు వచ్చి ఉచితముగా చికిత్స చేయు పద్ధతి 1960 దశకమున మొదలైనది. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ శస్త్రవైద్యుడు డొనాల్డ్ లాబ్ మెక్సికో దేశపు బాలునికి పెదవి చికిత్స చేసిన అనుభవముతో 1969లో ఇంటర్‌ప్లాస్ట్ సంస్థను స్థాపించెను. 1982లో విలియం మగీ, కాథలీన్ మగీ దంపతులు ఫిలిప్పీన్ దీవులలోని నాగా పట్టణమునకు పోయి సుమారు 40 మంది బిడ్డలకు చికిత్స చేయగలిగిరి. ఆశతో వచ్చిన తక్కినవారు, చికిత్స పొందినవారికంటె అనేక రెట్లు, వట్టిచేతులతో మరలిపోవలసి వచ్చినది. ఆ దృశ్యమే ఆపరేషన్ స్మైల్ సంస్థకు పునాదియైనది.

కాని ఈ పద్ధతికి ఒక లోపము కలదు. బృందము వచ్చును, పది దినములుండును, పోవును. చీలికతో పుట్టిన బిడ్డకు మూడు నుండి ఆరు మాసముల వయస్సున పెదవి, ఏడాది యటునిటుగా అంగిలి, పిదప మాట నేర్పు శిక్షణ, ఎనిమిది మొదలు పదకొండేండ్ల నడుమ చిగుటియెముక చికిత్స, దంతముల అమరిక, ఇట్లు యుక్తవయస్సు వరకు వరుసగా జరుగవలసినవి పెక్కు కలవు. కుట్టు విడిపోయినచో చూచువారెవరు? మాట రాకున్నచో నేర్పువారెవరు? ఎగిరివచ్చు వైద్యుడు ఎంతటి నిపుణుడైనను ఈ ప్రశ్నలకు సమాధానము కాలేడు.

1999లో చార్లెస్ వాంగ్, బ్రయన్ ములానీ అనువారు స్థాపించిన స్మైల్ ట్రెయిన్ సంస్థ ఈ లోపమును గ్రహించి మరియొక మార్గము త్రొక్కినది. వైద్యులను పంపుటకు మారుగా, ఆయా దేశముల వైద్యులకే శిక్షణ యిచ్చి, వారు ఉచితముగా చేసిన చికిత్సలకు అగు వ్యయమును తాను భరించుట ఆరంభించినది. 2014 నాటికి ఈ సంస్థ తోడ్పాటుతో జరిగిన చికిత్సలు 10 లక్షలకు చేరినవి. భారతదేశమున అనేక నగరములలోని వైద్యశాలలు ఇందు భాగస్వాములైనవి.

వారణాసిలోని సుబోధ్ కుమార్ సింగ్ అట్టి వైద్యులలో ఒకరు. ఆయన వైద్యశాలకు మీర్జాపూరు ప్రాంతపు పల్లెనుండి వచ్చిన ఒక బీదబాలిక కథను మేగన్ మైలన్ 2008లో స్మైల్ పింకీ అను లఘుచిత్రముగా తీసెను. 2009లో ఆ చిత్రమునకు ఆస్కారు బహుమానము లభించినది. 2013లో వింబుల్డన్ పురుషుల తుదిపోటీకి ముందు నాణెము ఎగురవేయుటకు ఆ బాలికనే పిలిచిరి. ఆ చిత్రములో శస్త్రచికిత్స కొద్ది నిమిషములలో ముగియును. అంతకుముందు ఒక సంఘసేవకుడు పల్లెపల్లెకు తిరిగి, చీలిన పెదవుల బిడ్డలను వెదకి, ఇది దైవశాపము కాదనియు, చికిత్సకు రూకలు అక్కరలేదనియు తల్లిదండ్రులకు చెప్పి నమ్మించుటయే పెద్దభాగము. చేరవేయు చేయి ఎట్లుండునో చూడగోరువారికి ఆ చిత్రము చాలును.

అస్సాములో 2009లో ఆపరేషన్ స్మైల్, రాష్ట్రప్రభుత్వము, టాటా ధర్మనిధి ఏకమై పనిచేయ నారంభించి, 2011లో గౌహతి ప్రభుత్వ వైద్యశాలలో స్థిరమైన చీలికచికిత్సా కేంద్రమును తెరచిరి. స్థలము ప్రభుత్వముది, ధనము ప్రభుత్వమునకును దాతలకును ఉమ్మడిది, నైపుణ్యము వైద్యులది. విడిది వేసి పోవు శిబిరమునకు మారుగా నిలిచియుండు కేంద్రము ఏర్పడుట ఇందలి ప్రయోజనము.

ధర్మమునుండి హక్కునకు

దాతలు ఎంత యుదారులైనను వారి దానము వారి యిష్టమును బట్టి యుండును. రాజ్యము భారము వహించినప్పుడే దానము హక్కుగా మారును. ఈ మార్పున తెలుగునేల కొంత ముందు నడచినది. 2007 ఏప్రిల్ 1న అనంతపురము, మహబూబునగరము, శ్రీకాకుళము జిల్లాలలో ప్రారంభమైన ఆరోగ్యశ్రీ పథకమున పెదవి చీలిక, అంగిలి చీలిక, కాలిన గాయముల వలని ముడుతలు చికిత్సల పట్టికలో చేరినవి. తెల్లకార్డు గల కుటుంబము వైద్యశాలలో రూక చెల్లింపక చికిత్స పొందుటకు వీలు కలిగినది. 2014లో రాష్ట్రవిభజన జరిగిన పిదప ఉభయరాష్ట్రములును ఈ పథకమును కొనసాగించినవి.

కేంద్రప్రభుత్వము 2013లో ప్రారంభించిన రాష్ట్రీయ బాలస్వాస్థ్య కార్యక్రమము మరియొక మెట్టు. పుట్టిననాటినుండి 18 ఏండ్ల వరకు గల పిల్లలను పరీక్షించి, పుట్టుకలోపములను గుర్తించి, జిల్లాకేంద్రమునకు పంపుట దాని యుద్దేశము. గుర్తింపవలసిన 30 ఆరోగ్యస్థితులలో పెదవి, అంగిలి చీలికలు చేరియున్నవి. సంఘసేవకుడు కాలినడకను చేసిన వెదకులాట ఇందువలన ప్రభుత్వోద్యోగి విధిగా మారినది. 2018 సెప్టెంబరులో ఆరంభమైన ఆయుష్మాన్ భారత్ పథకము అర్హమైన కుటుంబమునకు ఏటా 5 లక్షల రూపాయల వరకు వైద్యశాల వ్యయమును భరించు ఏర్పాటు చేసినది.

ముఖము పోగొట్టుకొన్నవారిలో మరియొక వర్గము కలదు. ప్రాచీనకాలపు ముక్కుకోతకు నేటి రూపము ఆమ్లదాడి. అందు ఎక్కువమంది బాధితులు స్త్రీలే. 2013లో శిక్షాస్మృతికి దీనిని ప్రత్యేక నేరముగా చేర్చిరి. ఆ యేటనే లక్ష్మి వేసిన వ్యాజ్యమున సుప్రీముకోర్టు ప్రతి బాధితురాలికిని కనీసము 3 లక్షల రూపాయల పరిహారము చెల్లింపవలెనని రాష్ట్రములను ఆదేశించెను. 2015లో ప్రైవేటు వైద్యశాలలును ముఖమును తీర్చు శస్త్రచికిత్సలతో సహా ఉచితముగా చికిత్స చేయవలెనని చెప్పెను. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము వీరిని కూడ తన పరిధిలోనికి తీసికొన్నది. ఒకప్పుడు కంపెనీ ప్రభువుల దయపై ఆధారపడిన పింఛను నేడు న్యాయస్థానమున అడిగి పొందు హక్కైనది. రెండు శతాబ్దములకు పైబడిన దూరము అది.

మిగిలిన దారి

ఇన్ని యేర్పాట్లున్నను పెదవి చీలికతోనే పెరిగి పెద్దలైనవారు పల్లెలలో ఇంకను కనబడుచుండుటకు కారణమేమి? చికిత్సకు రూకలు అక్కరలేకపోవచ్చును. నగరమునకు పోవు బండికూలికి అక్కరయే. బిడ్డతో తల్లి వైద్యశాలలో నుండినన్ని దినములు ఆమె కూలి పోవును. ఇంట మిగిలిన పిల్లలను చూచువారు ఉండవలెను. మాట నేర్పు శిక్షణకు మాసముల తరబడి తిరుగవలెను. పెదవి కుట్టగానే బిడ్డ బాగయ్యెనని తలచి అంగిలి చికిత్సకు రానివారును కలరు. ప్రభుత్వపు పట్టికలో శస్త్రచికిత్సకు చోటున్నంత సులభముగా ఈ చిన్న వ్యయములకు చోటు దొరకదు. ధర్మకార్యములకు నేడు మిగిలియున్న చోటు ఇదియే. అది పెద్ద విరాళములు కోరునది కాదు. దారిబత్తెము, కొన్ని దినముల బస, మాట నేర్పు గురువు జీతము, వెంట నడచు ఒక మనిషి. ఇంతియే.

అన్నిటికంటె ముందు తొలగవలసినది అజ్ఞానము. దేశపు నలుమూలల ఉద్యోగరీత్యా స్థిరపడిన తెలుగువారికి వైద్యశాలల జాడ తెలియును, పథకముల నియమములు తెలియును, దరఖాస్తు నింపుట తెలియును. తమ కార్యాలయమునందలి జవాను ఇంటనో, ఇంటిపని చేయు మనిషి స్వగ్రామముననో ఇట్టి బిడ్డ కలదేమో విచారించి, చేరవలసిన చోటికి చేర్చుట వారికి గొప్ప శ్రమ కాదు. చీనా దేశపు యువకునికి ఒక రాష్ట్రాధిపతి చేసిన సహాయము దీనికంటె భిన్నమైనది కాదు. ఆయన శస్త్రము పట్టలేదు. పట్టగలవానికి అప్పగించెను.

గ్రహణము విడిచిన వెంటనే తెలుగువారు స్నానము చేసి, ఇల్లు కడిగి, దానము చేయుదురు. అది పూర్వాచారము. గ్రహణమొర్రి యని పేరు పడిన బిడ్డ విషయమున ఆ వరుస మారవలెను. దానము ముందు జరిగినగాని ఆ గ్రహణము విడువదు.